శారీ గార్డు

మా పెరటి వసారాలో ఒక బుల్లెట్టు ఉంది. 1974లో నాన్న కొన్న 350 సీసీ బండి. కాలవ గట్ల మీద తిరిగే ఉద్యోగం ఆయనది. 2003లో మోకాళ్ళు ఒప్పుకోక నడపడం మానేశారు, 2012లో పోయారు. ఆ తర్వాత బండి మీద కప్పిన దుప్పటి ఎవరం తీయలేదు. మచిలీపట్నం ఉప్పు గాలి సంగతి ఇక్కడ ఇనుప వస్తువులు పెట్టుకుని బతికేవాళ్ళకే తెలుస్తుంది. 2021లో నేను దుప్పటి తీసేసరికి రిమ్ములు పొరలు పొరలుగా రేగి ఉన్నాయి. సైలెన్సరుకి వేలు దూరేంత కన్నాలు. పిస్టను పట్టేసి కిక్ రాడ్డు కదలడం లేదు. తమ్ముడు ఫోన్లో "పాత ఇనుముకి వేసెయ్ అక్కా" అన్నాడు. నేను దాన్ని విప్పి కేఫ్ రేసర్ చేస్తానన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు 53 ఏళ్ళు" అన్నాడు.

కేఫ్ రేసర్ అన్న మాట మీలో చాలామందికి కొత్త కావచ్చు. 1950లు, 60లలో ఇంగ్లండులో కుర్రాళ్ళు మామూలు మోటారు సైకిళ్ళని ఇంటి దగ్గరే విప్పి, అనవసరపు బరువు అనిపించినదల్లా పీకేసి, హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి, ఒక్కరే కూర్చునే సీటు బిగించి ఒక కేఫ్ నుంచి ఇంకో కేఫ్‌కి పందేలు వేసుకునేవాళ్ళు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కేఫ్ వాళ్ళ అడ్డా. 1938లో పెట్టారు, యుద్ధంలో బాంబు పడింది, 1949లో మళ్ళీ కట్టారు, 1969లో మూసేశారు, 2001లో తిరిగి తెరిచారు. గంటకి 100 మైళ్ళు అందుకోవడం అక్కడ ఘనత. 1960లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ తనే అలాంటి బండి తయారుచేసి కాంటినెంటల్ జీటీ అని పేరు పెట్టింది. అదే కంపెనీ బుల్లెట్టు 1955 నుంచి మద్రాసులో తయారై మన ఊళ్ళకి వచ్చింది. కాబట్టి మా వసారాలోని బండికి ఆ లండన్ బళ్ళతో చుట్టరికం ఉంది. నాకే లేదు. కేఫ్ అంటే మన దగ్గర టీ కొట్టు కదా. కోనేరు సెంటర్లో టీ కొట్టు ముందు నిలబడి గ్లాసు పట్టుకున్న ఆడమనిషిని నా చిన్నతనంలో ఒక్కసారి కూడా చూడలేదు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అప్పటికి 26 ఏళ్ళుగా బోర్డు మీద పెట్రోలు ఇంజను బొమ్మ గీస్తున్నాను. పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం – నాలుగు ఘట్టాలూ నిద్రలో అడిగినా చెబుతాను. నిజం ఇంజను మా పెరట్లోనే ఉండేది, దాని మీద ఒక్కసారి స్పానరు పెట్టలేదు. తమ్ముడికి పదేళ్ళప్పుడు నాన్న ప్లగ్గు విప్పి శుభ్రం చేయడం నేర్పారు. కరెంటు లేని రాత్రి. టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడింది నేను.

ఈ పని మొదలుపెట్టాకే బీట్రిస్ షిల్లింగ్ గురించి చదివాను. 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బండితో 100 మైళ్ళ వేగం దాటిన ఇంజనీరు ఆమె. యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్ విమానాలు ముక్కు దించగానే ఇంజన్లు ఆగిపోతుంటే 1941లో ఒక చిన్న లోహపు బిళ్ళతో ఆ జబ్బు కుదిర్చింది. బిళ్ళ మధ్యలో కన్నం ఉంటుంది. వాయుసేన మగవాళ్ళు ఆ కన్నానికి ఆమె పేరు పెట్టి ఒక బూతు జోకు చేసుకున్నారు. ప్రాణాలు కాపాడిన మనిషికి దక్కిన బిరుదు అది!

గుడివాడ నుంచి ఒక మేస్త్రీ గారిని పిలిపించాను. అరవై దాటినాయన, పాత బుల్లెట్లు తెలిసినవాడు. గేటు దగ్గర నిలబడి "సార్ లేరా మేడం?" అన్నారు. నేనే అన్నాను. బండి చూశారు, నన్ను చూశారు. "నేను తీసుకెళ్ళి చేసి తెస్తాను, మీకెందుకమ్మా ఈ మసి" అన్నారు. ఇక్కడే, నా చేతులతోనే, మీరు చెబుతుంటే చేస్తానన్నాను. వారానికి ఒక ఆదివారం వస్తానని ఒప్పుకున్నారు. నాలుగో ఆదివారానికి "మేడం" పోయి "అమ్మా" మిగిలింది. ఆరో ఆదివారానికి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది.

నేర్చుకున్నవన్నీ చిన్న విషయాలే. ఆ కాలం బండి నట్లకి మిల్లీమీటరు స్పానరు సరిగా పట్టదు, బలవంతం చేస్తే అంచులు అరిగిపోతాయి. పట్టేసిన పిస్టను మీద కిరసనాయిలూ డీజిలూ పోసి వారం ఆగాలి, సుత్తి తీయకూడదు. సిలిండరు బోరు చేయించి కొంచెం పెద్ద పిస్టను వేయాలి. అన్నిటికన్నా పెద్ద పాఠం కిక్ కొట్టడం. బుల్లెట్టు స్టార్టు చేయడానికి మగవాడి కాలు కావాలని మా జిల్లాలో పుట్టిన ప్రతి ఆడపిల్లా నమ్ముతుంది. మేస్త్రీ గారు నవ్వారు. అమీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా రాడ్డుని మెల్లగా తొక్కాలి. డీకంప్రెషర్ లివరు నొక్కి ఇంకొంచెం దించాలి. అప్పుడు లివరు వదిలి, రాడ్డుని పైకి రానిచ్చి, ఒకే నిండు తొక్కు. లోపల నొక్కుకుపోయిన గాలిని ముందే వదిలేస్తే ఒంటి బరువు చాలు. 47 ఏళ్ళు మా ఇంట్లో ఉన్న రహస్యం ఇంతే. ఎవరూ దాచలేదు నిజానికి, మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో ఆ బండికి ఒక కథ ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేసినప్పుడు మా మేనత్త కుటుంబం నాగాయలంక దగ్గర ఉండేది. నాన్న ఈ బండి మీదే బయలుదేరారు. చెట్లు పడ్డ చోట దిగి, తోసుకుంటూ, ఎత్తి దాటిస్తూ పోయారు. ఆరో రోజు తిరిగొచ్చారు. మేనత్త దొరకలేదు, ఆమె పెద్ద కొడుకు దొరికాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బండికి పట్టిన ఆ బురద వాసన నాకింకా గుర్తుంది. ప్రతి నవంబరులోనూ మా ఇంట్లో ఈ కథ చెప్పుకుంటారు. చెప్పుకోవలసిన కథే. అయితే మా ప్రాంతంలో బుల్లెట్టు అంటే భూమీ, కులమూ, మీసమూ కలిసి చేసే చప్పుడు. ఆ చప్పుడుకి ఈ కథ తోడై, అది మా ఇంట్లో దేవుడి వాహనంలా అయిపోయింది.

ముందుగా విప్పాలనుకున్నది శారీ గార్డు. ఎడమ పక్క వెనక చక్రానికి అడ్డంగా ఉండే ఇనుప జల్లెడ. కేఫ్ రేసర్ చేసే ఎవరైనా సీటూ శారీ గార్డూ మొదట తీసేస్తారు. నాకైతే అందులో సిద్ధాంతం కూడా కనిపించింది. ఆ బండిలో ఆడదాని కోసం ఆలోచించి పెట్టిన ఒకే ఒక్క వస్తువు అది. అంటే ఆడది వెనకే, ఎడమ వైపుకే తిరిగి కూర్చుంటుందని ముందే రాసిపెట్టిన ఇనుప వాక్యం. దాన్ని కోసి పారేయాలని మహా ఉత్సాహంగా స్పానరు పట్టుకున్నాను. అమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. బోల్టు తిరగలేదు. "అది గట్టిగానే ఉంటుంది. నా కాలు విరిగాక బిగించింది" అంది.

1981లో అమ్మ బండి మీంచి పడిందని నాకు తెలుసు. మూడు నెలలు మంచంలో ఉంది. 13 ఏళ్ళ నేను వంట నేర్చుకున్నది అప్పుడే. ఈ రోజుకీ అమ్మ కుడి కాలు కొద్దిగా ఈడుస్తుంది. ఎలా పడిందో ఎప్పుడూ అడగలేదు. "చీర సరిగా సర్దుకోలేదు" అని అందరూ అనేవాళ్ళు, అదే జవాబు అనుకున్నాను. ఆ రోజు అమ్మ మొదటిసారి చెప్పింది. గుడివాడలో పెళ్ళి చూసుకుని బందరు వస్తున్నారు. గుడ్లవల్లేరు దాటాక పట్టుచీర కొంగు చువ్వల్లో చుట్టుకుంది. వెనక్కి లాగేసింది. "మీ నాన్న ముందు బండి లేపాడు. పెట్రోలు కారిపోతోందని. తర్వాత నన్ను లేపాడు."

కోపంగా అనలేదు. పెట్రోలు కారితే ప్రమాదం, లేపాలి మరి, అని తనే సర్ది చెప్పింది. ఆసుపత్రిలో చూడ్డానికి వచ్చిన వాళ్ళలో సగం మంది పట్టుచీర పాడైపోయిందని బాధపడ్డారట. నలభై ఏళ్ళు అదే ఇంట్లో, అదే బండి పక్కన అమ్మ అంట్లు తోముకుంది. 1977 కథని ఏటా వింది. 1981 కథ ఎవరూ చెప్పలేదు. నేను స్త్రీల చరిత్ర గురించి సభల్లో మాట్లాడతాను. మా పెరట్లో నాలుగు బోల్టుల మీద నిలబడి ఉన్న చరిత్రని పారేయాలనే స్పానరు పట్టుకున్నాను.

ఆ తర్వాత అమ్మ ఇంకో మాట అడిగింది. "ఒక్కళ్ళ సీటే పెడతావా? మరి నాది?"

ఏం చెప్పాలి? 1981 తర్వాత ఆమె ఆ బండి ఎక్కనేలేదు. అయినా అది తన సీటు. వెనక సీటులో కూర్చోవడం అణచివేత అని నేను చాలా సులువుగా అనుకున్నాను. ఒంటరి సీటు స్వేచ్ఛ అని అంతకన్నా సులువుగా అనుకున్నాను. ఆ ఒంటరి సీటు ఇంటి బాధ్యత ఒంటి మీద లేని కుర్రాళ్ళ ఊహలో పుట్టింది కదా. నా స్వేచ్ఛ కోసం మొదట పీకేసేది మా అమ్మ స్థలమేనా?

చట్టం కూడా అమ్మ వైపే ఉందని తర్వాత తెలిసింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చిక్కుకోకుండా చక్రానికి అడ్డు ఉండాలంటుంది. 1988 చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అందుకని ఫ్రేము కోయలేదు, ఇంజను మార్చలేదు. హ్యాండిల్ దించాను. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపాను, కిక్ రాడ్డుకి అడ్డం రాకుండా మడిచే రకం పెట్టాను. సీటు సన్నగా, బల్లపరుపుగా, ఇద్దరికి సరిపడా కుట్టించాను. శారీ గార్డు విప్పి, తుప్పు గీకి, నల్ల రంగు వేసి మళ్ళీ బిగించాను. తెలిసినవాళ్ళు చూస్తే నవ్వుతారు. శారీ గార్డు ఉన్న కేఫ్ రేసర్ ఎక్కడైనా ఉంటుందా?

అమ్మ చూస్తూ ఊరుకోలేదు. వాల్వులు నూరే పని వచ్చినప్పుడు మేస్త్రీ గారు రబ్బరు బుడిపె ఉన్న పుల్ల వాల్వుకి అంటించి, గరుకు పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య తిప్పమన్నారు. నా చేతిలో అది జారిపోతోంది. "ఇటివ్వు, కవ్వం పట్టడం రాదు నీకు" అని అమ్మ తీసుకుంది. గంటసేపు మజ్జిగ చిలికినట్టే చిలికింది. కిరసనాయిలు పోసి చూస్తే చుక్క దిగలేదు. హ్యాండిల్ కిందికి దిగాక క్లచ్చి కేబులు పొడుగైపోయింది; కోసి, కొసన బుడిపె మళ్ళీ అతకాలి. చిలకలపూడి రోల్డుగోల్డు పనికి గొలుసు లింకులు ఇంటి దగ్గర అతికే పక్కింటావిడ ఆ బుడిపెని రెండు నిమిషాల్లో అతికిచ్చింది. మేస్త్రీ గారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ అతుకు ఊడదు" అన్నారు. ముక్కల లెక్కన కూలి తీసుకునే ఆవిడ పనితనాన్ని అంతకుముందు ఎవరైనా అలా చేతిలోకి తీసుకుని చూశారో లేదో.

బండి కాగితాలు ఇంకా నాన్న పేరునే ఉన్నాయి. మార్పించడానికి వెళ్తే ఒక గుమాస్తా "కొడుకులు లేరా?" అన్నాడు. ఉన్నాడు. బండి మాత్రం అమ్మ పేరుకి మారింది. ఆమె జీవితంలో ఆమె పేరు మీదికి వచ్చిన మొదటి ఆస్తి అది. ఆ కార్డుని పసుపు డబ్బా పక్కన పెట్టుకుంది.

2023 జనవరిలో ఒక తెల్లవారుజామున నేను బయలుదేరాను. చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ. కోత అయిన చేలల్లో మినుము పచ్చగా ఉంది. 60 కిలోమీటర్ల వేగం దాటలేదు, ఏస్ కేఫ్ కుర్రాళ్ళు క్షమించాలి. అవనిగడ్డలో టీ కొట్టు దగ్గర ఆపి, నిలబడి టీ తాగాను. నలుగురైదుగురు మగవాళ్ళు బండి చుట్టూ చేరారు. ఒకాయన "ఎవరు చేశారమ్మా?" అన్నాడు. "నేనూ, మా అమ్మా, పక్కింటావిడా, గుడివాడ మేస్త్రీ గారూ" అన్నాను. నాగాయలంక వైపు వెళ్ళే రోడ్డు చూస్తూ కాసేపు ఉన్నాను. ఈసారి అటూ వెళ్ళాలి.

బయలుదేరే ముందు అమ్మని ఎక్కమన్నాను. ఎక్కలేదు. "సీటు ఉండనీ. ఎప్పుడెక్కాలో నేను చూసుకుంటాను" అంది. ఇంటికొచ్చేసరికి వసారాలో కొత్త పేపరు పరిచి ఉంది. బుల్లెట్టు ఎంత బాగు చేసినా నూనె కారుస్తుంది. అమ్మ రోజూ పొద్దున ఆ పేపరు తీసి మరక చూస్తుంది. మర్నాడు కాఫీ ఇస్తూ, "నిన్న అంత దూరం వెళ్ళొచ్చినా తక్కువే కారింది" అని చెప్పింది.