ఊసరవెల్లి సుఖదుఃఖములు



మాట నిలుకడ లేని మనుష్యుని మనము ఊసరవెల్లి యందుము. తొండ ముదిరి ఊసరవెల్లి యైనదన్న సామెతయు మనకున్నది. పాపము, ఆ జంతువు మన తిట్లలో చేరినదే గాని దాని రంగులకర్థమేమో విచారించినవారు కొలదిమంది. భాగవతమున నృగమహారాజు ఊసరవెల్లియై పాడునూతిలో పడియున్న కథను చిన్ననాట మా తాతగారు నాకు చదివి చెప్పిరి. యాదవబాలురు త్రాళ్లతో లాగి లాగి అలసిరి. శ్రీకృష్ణుడు ఎడమచేతితో అవలీలగా పైకెత్తెను. అప్పుడు నేనడిగిన ప్రశ్న యొకటే: నూతిలో నున్నన్నాళ్లు అది బాధపడుచున్నదని పైవారికెట్లు తెలియును? దానికి ఏడ్పు లేదు, మూలుగు లేదు. కుక్కవలె తోక యాడింపదు, పిల్లివలె ఒడి చేరదు. తాతగారు నవ్వి మరుసటి కథలోనికి పోయిరి.

ఆ ప్రశ్న నాకు కడచిన సంవత్సరము మరల ఎదురయ్యెను. మా యమ్మ లేదు గనుక చెల్లెలి రెండవ పురుటికి నేనే అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు పోవలసివచ్చెను. మావారికి బడి సెలవులు కావు. ఆరుమాసములు ఇంటనుండి చారు కాచుకొనుట నేర్చిరి. అక్కడ చెల్లెలి పెద్దకొడుకు, పదియేండ్లవాడు, ఒక ఆడ ఊసరవెల్లిని పెంచుచున్నాడు. ఇది మన దేశపుది కాదు. మన దానిని పట్టుటయు పెంచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఇది చదివి మీ పిల్లలు చెట్లవెంట పడకుందురు గాక! వానిది యెమెన్ దేశమునను, దానిని ఆనుకొనిన సౌదీ అరేబియా నైరృతిభాగమునను పుట్టు జాతి. తలపై శిరస్త్రాణమువంటి ఎత్తుండును. అక్కడి అంగళ్లలో అమ్ముదురు.

నేను పోయిన వారమునకే వాడు నన్ను చేయిపట్టి తీసికొనిపోయి, “చూడు దొడ్డమ్మా, ఎన్ని రంగులు వచ్చినవో! చాల సంతోషముగా నున్నది” అనెను. నలుపు కలిసిన ఆకుపచ్చని మేనిపై పసుపుచుక్కలు, నీలిచుక్కలు. చూచుటకు రవికెగుడ్డవలె ముచ్చటగా నున్నమాట నిజమే. కాని అది పంజరపు అడుగున ఈ మూలనుండి ఆ మూలకు తిరుగుచు నేలను గోళ్లతో గీచుచున్నది. వేసిన మిడుతలను ముట్టలేదు. చెట్టుకొమ్మపై బ్రదుకవలసిన జంతువు రోజంతయు నేల విడువకుండుట నాకు సంతోషముగా తోచలేదు.

రంగు మారుటనుగూర్చి లోకమున నున్న తలంపు తలక్రిందులైనది. ఎఱ్ఱచీరపై నుంచిన ఎఱ్ఱనగును, పచ్చచీరపై నుంచిన పచ్చనగును అనునది వట్టిమాట. దాని చర్మములో అతిసూక్ష్మములైన స్ఫటికములు వరుసలు తీరియుండును. నెమ్మదిగా నున్నపుడవి దగ్గరదగ్గరగా నుండి నీలికాంతిని చూపును. అది చర్మములోని పసుపుతో కలిసి ఆకుపచ్చయగును. కలత చెందినపుడు స్ఫటికముల నడుమ ఎడము పెరిగి పసుపు, ఎఱుపు కాంతులు బయలువెడలును. మడగాస్కరు ద్వీపపు జాతిని పరిశీలించి జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని 2015వ సంవత్సరమున ప్రకటించిరి. కనుక మనము కపటియని తిట్టునది తన మనసును చర్మముపై వ్రాసికొని తిరుగుచున్నది! మనకంటికి ఇంపైన రంగే దానికి సుఖమని చదువుటలోనే పొరపాటున్నది. పట్టుచీర కట్టి టెలిఫోను తెరముందు నవ్వుచు కూర్చున్న బాలెంతను చూచి, “ముఖము కళకళలాడుచున్నది, హాయిగా నున్నది” అనువారి చదువును ఇట్టిదే. మా చెల్లెలికి మూడు రాత్రులుగా నిద్ర లేదు.

ఇక రంగొక్కటే చూచినను చాలదు. ఉదయమున చలికి నల్లబడి వేడిని గ్రహించును. అది దుఃఖము కాదు. రాత్రి నిద్రలో పాలిపోవును. అదియు రోగము కాదు. నట్టపగలు నల్లబడియే యున్నను, కన్నులు మూసికొనియున్నను అనుమానింపవలెను. ఆరోగ్యముగల దాని కన్నులు ఉబ్బెత్తుగా నుండి ఒకటొక దిక్కున, ఒకటొక దిక్కున తిరుగుచుండును. గుంటలు పడినచో ఒంట నీరు లేదన్నమాట. గిన్నెలో పోసిన నీటిని చాలవరకు గుర్తింపదు. ఆకులపై చినుకులు చల్లిన నాకి త్రాగును. విసర్జనములో తెల్లగా నుండవలసిన భాగము నారింజరంగైనచో అదియు దాహపు గురుతే. కొమ్మను పట్టిన పట్టు సడలుట, కాళ్లు వంకరపోవుట, నాలుక దూరముగా సాగకుండుట ఎముకల బలహీనత. దానికి సున్నపుపొడి చల్లిన పురుగులును, అతినీలలోహిత కిరణముల దీపమును వలయును. వెలుతురు కనబడుచున్నను ఆ కిరణములు కొన్ని మాసములకు క్షీణించును. కనుక దీపమును మార్చుచుండవలెను. మరియొక్క ముఖ్యవిషయము: అది ఒంటరిజీవి. తోడు కావలెనని రెండవదానిని తెచ్చి యుంచుట ప్రేమ కాదు, శిక్ష. అద్దములో తన నీడను చూచినను బుసకొట్టును. చేతిపై ఊరక కూర్చున్నదన్న, మనపై మక్కువ యనుకొనరాదు; చాలసారులది భయముతో సహించుటయే.

ఈ పిల్లవాని జంతువునకు కన్నులు బాగున్నవి, పట్టును బాగున్నది. మరి యీ తిరుగుడెందుకు? రెండు పురుళ్లు చూచిన దానను, నాకు తోచినది నేను చెప్పితిని: “నాయనా, దీనికి నెలలు నిండినవి.” వాడు పకపక నవ్వెను. మగతోడే లేదు గదా యనెను. కాని జంతువైద్యురాలు ఎక్స్‌రే తీసి కడుపునిండ గ్రుడ్లున్నవని చూపెను. ఈ జాతి ఆడుది మగతోడు లేకయే గ్రుడ్లు పెట్టునట! పొదుగని గ్రుడ్లైనను వానిని తడిమట్టిలో సొరంగము త్రవ్వి పెట్టినగాని దానికి శాంతి లేదు. చోటు దొరకనిచో గ్రుడ్లు కడుపులోనే నిలిచి ప్రాణము పోవును. నల్లని మేనిపై ఆ పసుపు, నీలి చుక్కలు చూలాలి గురుతులు. అమ్మిన అంగడివారు ఇది యొక్కముక్కయు చెప్పియుండలేదు. “మగని మొగమెరుగకయే ఈ నొప్పులేమి ఖర్మమక్కా!” అని మా చెల్లెలు మంచముపైనుండి నిట్టూర్చెను.

ఆ సాయంకాలమే అడుగులోతు తొట్టిలో ఇసుక నింపి, పిడికిట పట్టిన విడిపోనంత తడిపి, పంజరములో నుంచితిమి. త్రవ్వుచుండగా ఎవరైన చూచినచో మానివేసి మరలివచ్చునట. కనుక నా పాతచీరను చుట్టును తెరగా కట్టితిని. అదే పూట చెల్లెలి గదితలుపునకును తెర కట్టి, చూడవచ్చువారిని పదిదినములు రావలదని మరదిగారిచేత చెప్పించితిని. ఆయనకది మొగమాటముగానే యుండెను.

మూడవనాడు తెరసందున చూడగా తోకకొన మాత్రము ఇసుకపై కనబడెను. ఆ రాత్రియు త్రవ్వకమే. మరునాడు అది మట్టిని తిరిగి పూడ్చి, కాళ్లతో అదిమి, డొక్కలు లోనికి పోయి, మెల్లగా కొమ్మపైకెక్కినది. ఆకులపై నీరు చల్లగా ఎంతసేపు త్రాగినదో! తరువాత పిల్లవాడు గ్రుడ్లు త్రవ్వి లెక్కించెను, 34. వారము దాటకమున్నే దాని మేను లేతాకుపచ్చకు తిరిగెను. ఆ రంగు వానికంత నచ్చలేదు.

మేపు తగ్గించి, వేడిదీపమును కొంచెము దూరము జరిపినచో ఈతకు గ్రుడ్లు తగ్గునని వైద్యురాలు చెప్పెను. పూర్తిగా మానునని చెప్పలేము. మొన్న టెలిఫోనులో వాడు, “దొడ్డమ్మా, చుక్కలు మరల వచ్చినవి, నేలమీద తిరుగుచున్నది” అనెను.

“ఇసుక తడిపితివా?” అని యడిగితిని.

“తడిపితిని. నీ చీర కూడ కట్టితిని” అనెను.