ఇంట్లోనే బాల్కనీ చల్లదనం!

చిన్నప్పుడు నేను మ్యాట్నీకి పరుగెత్తింది హీరో కోసమే కాదు సుమండీ... హాల్లో ఏసీ కోసం కూడా! 1925లో న్యూయార్కు రివోలీ థియేటర్లో విల్లిస్ కారియర్ మహాశయుడు చల్లదనపు యంత్రం బిగించినప్పుడు జనం ఎగబడిందీ అందుకేగా!

క్రిందటి మే నెల బెజవాడ ఎండకి అమ్మ సొమ్మసిల్లి పడిపోయింది. అంతే! దాచుకున్న డబ్బు తీశాను. ఇల్లంతటికీ డక్టులు వేసి ఒకే ఏసీ పెట్టించాలనుకున్నాను.

మొదట వచ్చినతను గుమ్మంలోంచే చూసి, "అయిదు టన్నులు కావాలి సార్" అన్నాడు. గుండె జారిపోయింది. రెండో అతను టేపు పట్టి గదులూ, కిటికీలూ, ఎండ కొట్టే పడమటి గోడా కొలిచాడు.

"మూడు చాలు సార్. మరీ పెద్దది పెడితే గది చప్పున చల్లబడి మెషీను ఆగిపోతుంది. గాలిలో తేమ పోదు... ఉక్క ఉక్కే!"

టన్నంటే బరువు కాదట. గంటకి 12,000 బీటీయూల వేడిని లాగెయ్యడమట!

మధ్యరకం ఇన్వర్టర్ మెషీనే తీసుకున్నాను. మిగిలిన డబ్బుతో డాబాకి తెల్లరంగు వేయించి, డక్టుల అతుకులు గట్టిగా మూయించాను.

ఇప్పుడు అమ్మ మధ్యాహ్నం హాయిగా నిద్రపోతోంది. నేనా? మ్యాట్నీకి వెళుతూనే ఉన్నాను... ఈసారి అచ్చంగా హీరో కోసమే!