పాత కారు... కొత్త తంటా!

మధ్యతరగతి ఇంటి ముందుకు కారు వచ్చిందంటే, అది సెకండ్‌హ్యాండ్‌దైనా పండగే. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఓ రిటైర్డ్ గుమాస్తా ఉన్నారనుకుందాం. మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేని భార్య కోసం, గ్రాట్యుటీ డబ్బులోంచి మూడు లక్షలు తీసి పాత కారు కొన్నారాయన. స్కందగిరి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నెల తిరక్కుండానే బండి మొరాయించింది. మెకానిక్ కార్పెట్ ఎత్తి చూసి ‘సార్, ఇది నీళ్లలో మునిగిన బండి’ అన్నాడు. డీలర్ని అడిగితే ‘పాత బండికి గ్యారంటీ ఏంటండీ? ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని రసీదులో రాసుందిగా’ అని దులిపేసుకున్నాడు. ‘పోతే పోయింది, ఈ వయసులో కోర్టుల చుట్టూ ఏం తిరుగుతాం’ అంది ఇల్లాలు.

చాలా ఇళ్లలో కథ ఇక్కడే ఆగిపోతుంది. నిజానికి ఆగాల్సిన పనిలేదు!

మునిగిన బండ్లు మన నగరానికి కొత్త కాదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం టీవీల్లో అందరూ చూసిందే. అలాంటి బండిని కడిగి, తుడిచి, పాలిష్ పెడితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద చార, సీటు కింది బోల్టుల తుప్పు, ఎంత సెంటు కొట్టినా పోని ముక్కిపోయిన వాసన... ఇవే గుట్టు విప్పుతాయి.

ఇంతకీ చట్టం ఏమంటోంది? 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పడం, పాతదాన్ని కొత్తదని నమ్మించడం, ఆఖరికి బిల్లు ఇవ్వకపోవడం కూడా దాని ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. పాత కారులో టైర్లు, క్లచ్ అరగడం మామూలే. వాటికి డీలర్ని నిలదీయలేం. తెలిసీ దాచిపెట్టిన లోపం సంగతి వేరు. కాంట్రాక్టు చట్టం దాన్ని మోసంగానే చూస్తుంది. రసీదు మీద అచ్చేసిన ఒక్క వాక్యం ఆ మోసాన్ని మాఫీ చేయదు.

గోవాలో 2009లో తయారైన, అప్పటికే కొంత తిరిగిన కారును 2011 మోడల్ కొత్త కారని అంటగట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో తీర్పు వచ్చింది. విషయం తయారీ కంపెనీకి తెలుసనడానికి రుజువు లేదని దాన్ని వదిలేసినా, డీలరు బాధ్యత మాత్రం అలాగే నిలిచింది.

మోసపోయినవారు ముందు చేయాల్సింది... తొందరపడి రిపేరు చేయించకుండా మెకానిక్ చేత లోపాన్ని కాగితం మీద రాయించుకోవడం. ఫొటోలు, ప్రకటన, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు చెల్లింపుల ఆధారాలు దాచుకోవాలి. డీలరుకు నోటీసు పంపాలి. దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న కేసులు అక్కడే వేయొచ్చు. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. లాయరు తప్పనిసరి కాదు. డీలరు ఏ ఊరివాడైనా, కొన్నవారు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. 2025 నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు.

ఒక్క మెలిక ఉంది. పక్క వీధి మనిషి సొంతానికి వాడుకున్న కారు అమ్మితే, అతను వ్యాపారి కాడు కాబట్టి వినియోగదారుల కమిషన్ అక్కరకు రాకపోవచ్చు. అప్పుడు సివిల్ కోర్టే దారి. అందుకే కొనేముందే నమ్మకమైన మెకానిక్‌కు చూపించడం, ఆర్సీ, బీమా క్లెయిముల చరిత్ర చూడటం, లోపాలేమీ దాచలేదని రాయించుకోవడం మంచిది.

మూడు లక్షలంటే కొందరికి ఒక జీవితకాలపు పొదుపు. ‘మన ఖర్మ’ అని ఊరుకుంటే పోయేది ఆ డబ్బొక్కటే కాదు. అదే డీలరు, అలాంటి బండికే మరోసారి మెరుగులు దిద్ది, మరో ఇంటి ముందు పెడతాడు!