ఒత్తుకు చోటు

అనకాపల్లి జిల్లా చీడికాడ సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ ముందు గ్రాఫిక్ డిజైనర్ ఎవరైనా ఆగితే, అందులో ఏ నాయకుడి ఫొటో ఉందన్నది అతనికి తర్వాతి సంగతి. ముందు కళ్ళు అక్షరాల మీద పడతాయి. జాగా మిగిలిందని పేరును రెండు పక్కలా పట్టి లాగేసి ఉంటారు. గుండ్రంగా ఉండాల్సిన సున్న సాగి పడుకుంటుంది. తలకట్టు బారెడవుతుంది. చూసినవాడికి ఒళ్ళు మండుతుంది. అయినా ఫ్లెక్సీ బతుకెంత? ఒక గాలివాన వస్తే చిరుగుతుంది, మర్చిపోవచ్చు. పుస్తకం అలా కాదు. ఒకసారి అచ్చయిందంటే ముప్పై, నలభై ఏళ్ళు బీరువాలో ఉంటుంది. తప్పు జరిగితే ఆ తప్పుతోనే ఉంటుంది.

ఆ తప్పు కూడా చాలాసార్లు ఒకటే. పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడి మీద పడుతుంది.

తెలుగు అక్షరం పక్కకే కాదు, పైకీ కిందికీ పెరుగుతుంది. ‘స్త్రీ’ అని రాస్తే పైన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, ర ఒత్తు. సరిగ్గా దాని కిందే ‘కీర్తి’ అన్న మాట వచ్చిందా, రెండూ చిక్కుపడి ఏది ఎవరిదో తెలియదు. ఇంగ్లీషు లిపికి ఈ బాధ లేదు. దాని జీ, వై అక్షరాల తోకలు కాస్త దిగుతాయంతే. పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ లిపిని చూసి తయారైనవి కాబట్టి, వాటిని వాటి మానాన వదిలేస్తే అక్షరం సైజుకు 120 శాతం చొప్పున వరసల ఎడం పెట్టుకుంటూ పోతాయి. 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల ఎడమన్నమాట. ఇంగ్లీషుకు అది హాయిగా సరిపోతుంది, తెలుగుకు ఊపిరాడదు. ఫాంటును బట్టి లెక్క మారుతుంది కానీ, అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లయినా ఇవ్వనిదే చాలా తెలుగు ఫాంట్లు తేటగా కనిపించవు.

చేత్తో కంపోజ్ చేసే కాలంలో ఈ గొడవ ఇంతగా లేదు. సీసపు అక్షరం ఒక దిమ్మ. దిమ్మ మీదికి దిమ్మ ఎక్కదు కాబట్టి ఒత్తు ఎంత కిందికి దిగినా దాని చోటు దానికి దక్కేది. ఇంకా ఎడం కావాలనుకుంటే కంపోజిటర్ వరసల మధ్య లెడ్ పట్టీలు పెట్టేవాడు. కంప్యూటర్ తెర మీద అక్షరానికి బరువు లేదు, అంచూ లేదు. ఒకదాని మీద ఇంకొకటి ఎక్కించినా అది అడ్డు చెప్పదు. ఆ అడ్డు చెప్పవలసింది డిజైనర్. అతను చెబితే ప్రచురణకర్త పేజీల లెక్క తీస్తాడు. వరసలు దగ్గరకు జరిపితే ఒకటో రెండో ఫారాలు కలిసొస్తాయి, కాగితం ఖర్చు తగ్గుతుంది. ఆ కాస్త ఆదా కోసం చదివేవాడి కన్నును కష్టపెట్టడం న్యాయం కాదు.

ఇక్కడి ఊళ్ళ పేర్లే తీసుకుంటే, చీడికాడ, చోడవరం, మాడుగుల పేర్లలో ఒక్క ఒత్తూ లేదు. ఏ ఫాంటులో పెట్టినా తేటగా నిలబడతాయి. అనకాపల్లి దగ్గరికి వచ్చేసరికి కిందికి చూసుకోవాలి.

ఆ అనకాపల్లి దాటగానే కశింకోట. అచ్చుపుస్తకాన్ని ప్రేమించే డిజైనర్ ఈ ప్రాంతంలో ముందు తలుచుకోవలసిన ఊరు అదే. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య అక్కడ స్థిరపడ్డారు. మద్రాసు పత్రికలకు ఆయన వేసిన ముఖచిత్రాలు తెలుగిళ్ళలో రెండు మూడు తరాలు చూశాయి. మూలన ‘వ.పా.’ అన్న సంతకం ఉంటే చాలు, అట్ట చింపడానికి చేతులు వచ్చేవి కావు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’కు, చక్రపాణి ‘యువ’కు ఆయన వేసిన బొమ్మలను చిత్రకళగా పొగిడినవారు చాలామంది ఉన్నారు. వాటిని డిజైన్‌గా చూసినవారు తక్కువ.

ముఖచిత్రం వేసేవాడికి కాగితమంతా సొంతం కాదు. పైన పత్రిక పేరు రావాలి, నెల రావాలి, వెల రావాలి. ఆ చోటు ముందే విడిచిపెట్టి, విడిచినట్టు తెలియకుండా బొమ్మ కూర్చాలి. వేసిన రంగులు నాలుగు రంగుల అచ్చులో ఎంతవరకు నిలుస్తాయో కూడా మనసులో ఉండాలి. వ.పా. బొమ్మల్లో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ అచ్చయ్యాక కూడా తడి ఆరనట్టే ఉంటాయి. అందులో సగం మెప్పు చందమామ అచ్చువేసిన ప్రసాద్ ప్రాసెస్ పనివాళ్ళకు చెందాలి. 1992 డిసెంబరు 30న వ.పా. కన్నుమూశారు. ఆ పాత సంచికల కోసం ఇప్పటికీ వెతుక్కునేవాళ్ళున్నారు.

చిత్రకారుడు బాపు సంగతి వేరు. ఆయన చేతిరాతే ఫాంటు అయింది, ఇప్పుడు శుభలేఖలన్నీ దానితోనే. శుభలేఖకు, పుస్తకం పేరుకు, కార్టూన్‌లో మాటకు ఆ రాత అందమే. దానితో రెండు వందల పేజీల నవల కూర్చితే మాత్రం పదో పేజీకే కళ్ళు అలిసిపోతాయి. నాలుగు మాటలు పలికించడానికి పుట్టిన అక్షరం చేత రోజంతా ఉపన్యాసం చెప్పించకూడదు.

చేతిరాతతో పుస్తకమంతా నడిపించి గెలిచిన సందర్భం ఒకటుంది. విశాఖవాడైన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ మొదట 1950లో పుస్తకంగా వచ్చింది. 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి దాన్ని కవి దస్తూరీతోనే, కవి గొంతు రికార్డు చేసిన క్యాసెట్‌తో సహా ప్రచురించారు. గూటాల 1890ల నాటి ఇంగ్లీషు సాహిత్యం కోసం అక్కడ ఒక సొసైటీ నడిపిన మనిషి. విలియం మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ పెట్టి అక్షరం, అంచు, కాగితం అన్నీ తానే చూసుకున్న దశాబ్దం అది. ఆ కాలాన్ని అంతగా ప్రేమించినవాడి చేతిలో పడ్డ తెలుగు పుస్తకం అలా రావడంలో ఆశ్చర్యం లేదు. కవిత్వం కాబట్టి వరసలు పొట్టివి, చుట్టూ తెలుపు, ఒత్తులకు కావలసినంత చోటు.

ఇవాళ పనిముట్లకు కొరత లేదు. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన గిడుగు, గురజాడ, పెద్దన, సూరన్న, మండలి ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ జిల్లా ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ పేరు ఒక ఫాంటుకు ఉండడం ఇక్కడివాళ్ళకు ఇంకాస్త సంతోషం. 2012 నాటి సీఎస్6 వెర్షన్ నుంచి ఇన్‌డిజైన్ తెలుగు ఒత్తులను సరిగా కూర్చుతోంది. ఎడం పెట్టే పని మాత్రం మనిషిదే.

ఆ మనిషి పేరు ఎక్కడా ఉండదు. 1867 నాటి చట్టం, 2024లో రద్దయ్యేవరకూ, పుస్తకం మీద అచ్చువేసినవారి పేరు, ప్రచురణకర్త పేరు తప్పక వేయమనేది. అందుకే నూరేళ్ళనాటి పుస్తకాన్ని తిప్పినా ఏ ప్రెస్సులో అచ్చయిందో తెలుస్తుంది. ముఖచిత్రం వేసినవారి పేరు ఆనవాయితీగా వస్తోంది. లోపలి పేజీలు కూర్చినవారి పేరు వేయమని ఏ చట్టమూ చెప్పలేదు, ఆనవాయితీ కూడా ఏర్పడలేదు. పుస్తకాలు వేసేవారు ఇన్నర్ టైటిల్ వెనక ఒక్క వరస కేటాయించాలి: పేజీలు కూర్చినవారు, వాడిన ఫాంటు, దాని సైజు. పేరు పడుతుందంటే ఎవరైనా ఇంకోసారి సరిచూసుకుంటారు. పుస్తకం రాసినవారు కూడా ప్రూఫు చేతికి రాగానే అచ్చుతప్పులకంటే ముందు ‘స్త్రీ’ ఉన్న వరస ఒకటి వెతికి, దాని కింద చోటుందో లేదో చూడాలి. లేకపోతే సంతకం పెట్టకుండా ప్రూఫు వెనక్కి పంపాలి.