చెయ్యి చాపి వంద లెక్కపెట్టు

మా కొట్టుకి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లందరూ పంజరాల వైపు చూస్తారు. నేను పిల్లల చేతుల వైపు చూస్తాను. పంజరం కనబడగానే వేలు దూర్చేవాడు ఒకడు, అరచేత్తో తపతపా తట్టేవాడు ఇంకొకడు, అమ్మ వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూసేది ఒకతి. ఏ ఇంటికి ఏ పిట్ట అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో ఈ కొట్టు పెట్టి ఇరవై రెండేళ్లయింది. అంతకు ముందు నాలుగేళ్లు హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో పనిచేశాను. మహబూబ్ చౌక్ అని అసలు పేరు, చార్మినార్‌కి దగ్గరే. గింజలు చెరగడం, ట్రేలు కడగడం దగ్గర మొదలుపెట్టి, పిట్ట రెట్టని చూసి దాని ఒంట్లో ఏముందో చెప్పడం దాకా అక్కడే నేర్చుకున్నాను. మా ఉస్తాద్ ఉర్దూలో ఒకమాట పదేపదే అనేవాడు: పిట్ట జబ్బు చెప్పుకోదు, దాచుకుంటుంది, నీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది అని. అడవిలో నీరసంగా కనబడ్డ పిట్టని డేగ ముందు పట్టుకుంటుంది కాబట్టి దానికి ఆ దాపరికం పుట్టుకతో వచ్చింది. పిల్లలున్న ఇంటికి పిట్టనిచ్చేటప్పుడు నేను ముందు చెప్పేది ఇదే. ఈకలు ఉబ్బించుకుని, పట్టపగలు ఓ మూల కూర్చుని, ఊపిరికి తోక కిందికీ మీదికీ ఊగుతూ ఉందంటే 'రేపు చూద్దాం' అనకూడదు.

కొట్టుకొచ్చే పదిమందిలో ఎనిమిదిమంది అడిగేది 'లవ్ బర్డ్స్'. వాళ్లు వేలు చూపించేది మాత్రం బడ్జీలనే చిన్న చిలకల్ని. మన ఊళ్లలో ఆ పేరు అలా పాతుకుపోయింది, నేనూ సరిదిద్దడం మానేశాను. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పొట్టి తోక, లావు ముక్కు, మొండి స్వభావం. ఈ తేడా నేను సరిగ్గా చెప్పకపోవడం వల్ల కొట్టు పెట్టిన రెండో ఏడు ఒక తప్పు జరిగింది. నాలుగేళ్ల పాప ఉన్న ఇంటికి రంగు బాగుందని ఆఫ్రికన్ జతని ఇచ్చేశాను. నాలుగోరోజు ఆ పాప తండ్రి పంజరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాప వేలికి కట్టు. ఆయన అరవలేదు. "మీకు తెలిసే ఇచ్చారా?" అని అడిగాడంతే. నాకు తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, బేరం పోతుందని. డబ్బు తిరిగిచ్చేశాను కానీ ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది.

ఇక మాట్లాడే చిలక. ఇది ఎక్కువగా బామ్మలూ తాతలూ అడుగుతారు. "మా పుట్టింట్లో ఉండేది నాయనా, గుమ్మంలో అలికిడైతే చాలు, ఎవరదీ అనేది" అంటూ మొదలుపెడతారు. "రామచిలకని ఇంట్లో పెంచడం నేరం మామ్మగారూ, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, నేను అమ్మినా నేరమే" అంటాను. 2018 నుంచి అది మన రాష్ట్ర పక్షి అని కూడా చెబుతాను. చట్టం మాటకి కరగనివాళ్లకి రామదాసు కథ గుర్తుచేస్తాను. పోయిన జన్మలో చిలకని పంజరంలో పెట్టినందుకే గోల్కొండ చెరసాలలో పడ్డాడని చెప్పేది వాళ్లే కదా! నవ్వేసి ఊరుకుంటారు. కాకపోతే ఇంకెక్కడో దొరుకుతుందన్న ఆశతో బయటికెళ్లేవాళ్లూ ఉన్నారు. దొరికితే అది ఏదో చెట్టుతొర్రలోని గూట్లోంచి, కళ్లు తెరవకముందు లాక్కొచ్చిన పిల్ల అయ్యుంటుంది. రోడ్డు పక్కన ఎరుపూ పసుపూ రంగులద్ది అమ్మే చిన్న మునియా పిట్టలూ అంతే, మన పొలాల్లో వలేసి పట్టినవి. బుట్టలో పెట్టి తెచ్చే రంగు కోడిపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. కొన్నవాళ్లని అడగండి, ఎన్నాళ్లు బతికాయో.

మాట్లాడటమే కావాలంటే బడ్జీ తక్కువది కాదు. కాలిఫోర్నియాలో పక్ అనే బడ్జీ 1,728 మాటలు పలికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఈ సంగతి చెప్పాక వెంటనే ఇంకోటి చెప్పాలి, లేకపోతే పిల్లలు నన్ను నమ్మి మోసపోతారు: మా కొట్టులోంచి వెళ్లినవాటిలో నాలుగు మాటలు దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కటిగా పెంచి, రోజూ ఓ గంట దానితో కూర్చునే మనిషి ఉంటే మగ బడ్జీ పలుకుతుంది. బడికీ ట్యూషన్‌కీ పోయే పిల్లలకి ఆ గంట ఎక్కడిది? అందుకే రెండు మగవాటిని ఇస్తాను. మాట్లాడవు, కానీ ఒకదానికొకటి తోడుంటాయి.

మగదని ఎలా తెలుస్తుందంటే, ముక్కు పైన ఉండే మెత్తటి కండ నీలంగా ఉంటే మగది, గోధుమరంగులో ఉంటే ఆడది. తెల్లవాటిలో, పసుపువాటిలో ఈ గుర్తు కొంచెం తికమక పెడుతుంది. నుదుటి మీద గీతలు ముక్కు దాకా వచ్చి ఉంటే ఇంకా పసిది, మచ్చికవడానికి అదే మంచి వయసు. ఆడవి రెండు కలిస్తే కొట్టుకుంటాయి. ఆడా మగా కలిపి, పైగా ముచ్చటగా ఉందని పంజరంలో కుండ కూడా వేలాడదీశారనుకోండి, నాలుగు నుంచి ఆరు గుడ్లు, పద్దెనిమిది రోజులకి పిల్లలు, ఇంకో ఐదు వారాలకి అవి బయటికి. అప్పుడు నాకు ఫోన్ చేసి, "అన్నా, పదకొండు అయ్యాయి, తీసుకుపోతావా?" అంటారు. కుండ అడిగినవాళ్లకి నేను కుండ అమ్మను. లాభం పోతే పోనీ.

బడ్జీ పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త ఇంగ్లండుకి తెచ్చాడు. అడవిలో ఆకుపచ్చవే. ఈ నీలాలూ తెలుపులూ పసుపులూ అన్నీ మనిషి పంజరాల్లో పుట్టించినవి. తరతరాలుగా పంజరంలో పుట్టింది కాబట్టే దాన్ని అమ్మడానికి నా మనసు ఒప్పుకుంటుంది. ముప్ఫై నలభై గ్రాముల ప్రాణి. బాగా చూసుకుంటే ఏడెనిమిదేళ్లు బతుకుతుంది.

ఇప్పుడు నా పరీక్ష. మా కొట్టులో బాగా మచ్చికైన ముసలి బడ్జీ ఒకటుంది, అమ్మకానికి కాదు. పిల్లాడి అరచేతిలో చిటికెడు కొర్రలు పోసి, చెయ్యి పంజరంలో పెట్టించి, "కదలకుండా వంద దాకా లెక్కపెట్టు" అంటాను. అది దిగొచ్చి అరచేతిని పొడుస్తుంటే చక్కిలిగింత పుడుతుంది. ఇరవై దగ్గర చెయ్యి లాగేసుకునేవాళ్లు చాలామంది. వంద దాకా నిలబడ్డ పిల్లకి బడ్జీలిస్తాను. ఏడెనిమిదేళ్లొస్తే ఎక్కువమంది నిలబడతారు. పదేళ్ల పిల్లాడు నిలబడలేకపోవడమూ చూశాను, ఆరేళ్ల పాప నూటయాభై దాకా లెక్కపెట్టి "ఇంకా తింటోంది, ఆపనా?" అని అడగడమూ చూశాను. నిలబడలేనివాళ్లని నేను చిన్నబుచ్చను. "ఆర్నెల్లాగి రా, నీ పిట్ట ఎక్కడికీ పోదు" అంటాను.

అసలు భయం పిల్లల ప్రేమ గురించే. వాళ్లకి ఏది నచ్చితే దాన్ని గట్టిగా పట్టుకుంటారు. మనకి కడుపుకీ ఛాతీకీ మధ్య ఊపిరిని ఆడించే పొర ఉంది, పిట్టకి లేదు. ఛాతీ ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి. గుప్పిట్లో బిగించి పట్టుకుంటే మెడ నొక్కకపోయినా ఊపిరాగిపోతుంది. ఇది చెప్పగానే పిల్లలు తమ చేతుల్ని తామే చూసుకుంటారు.

ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి జీబ్రా ఫించ్‌లు చాలు. ఎర్రముక్కు, పది పన్నెండు గ్రాముల బరువు, పొద్దస్తమానం పీప్ పీప్‌మని చిన్న బొమ్మకారు హారన్‌లా చప్పుడు. చేతికి రావు, రావాలని కోరుకోవు. చూసి సంబరపడే వయసుకి చూసే పిట్ట. ముద్దుచేయాలని పట్టుబట్టే పిల్లలకి అవి చప్పగా అనిపిస్తాయి, నిజమే.

కాకటీల్ అనే చిలకని మాత్రం ఇల్లు తెలుసుకోకుండా ఇవ్వను. మనిషి మీద ఎక్కడాలేని మమకారం దానికి. తల వంచి నిమరమంటుంది, ఈల పాట నేర్పితే నేర్చుకుంటుంది, యజమాని గొంతు వినబడితే చాలు పిలుస్తుంది. ఆ మమకారమే చిక్కు. పగలంతా తాళం వేసి ఉండే ఫ్లాట్‌లో అది అరిచి అరిచి ఈకలు పీక్కుంటుంది. ఇంట్లో నాయనమ్మో తాతో ఉండాలి. ఇంకో చిక్కు, దాని ఈకల నుంచి సన్నటి తెల్లపొడి రాలుతుంది. పిల్లవాడు ఇన్‌హేలర్ వాడతాడని ఒకావిడ మాటల్లో అంటే, పక్క వీధి చేపల కొట్టుకి పంపించాను. ఆయుష్షు పదిహేను ఇరవై ఏళ్లు. ఆరో తరగతి పిల్ల కోసం కొన్న కాకటీల్ ఆ పిల్ల పెళ్లికి పంజరంలోంచి ఈల వేస్తుంది. ఇది విని వెనక్కి తగ్గే తండ్రులుంటారు. తగ్గడమే మంచిది.

ధర మాట. జత బడ్జీలు ఐదారొందలైతే పంజరం రెండు వేలవుతుంది. అక్కడ మొహం ముడుస్తారు. రెండడుగుల పొడవైనా లేనిది పంజరం కాదు, బోను. గోపురంలా గుండ్రంగా ఉండేవి చూడ్డానికే బాగుంటాయి. పిట్ట ఎగిరేది అడ్డంగా. ఊచల సందు అర అంగుళం మించకూడదు, తల ఇరుక్కుంటుంది. లోపల ప్లాస్టిక్ కర్రలు తీసేసి జామకొమ్మలు కట్టండి, లావూ సన్నం కలిసి ఉంటే పాదాలకి మంచిది. కొర్రలు, సామలు, రోజూ కాసింత కొత్తిమీరో మునగాకో. సున్నానికి సముద్రపు నురుగు ముక్క ఒకటి. చాక్లెట్ వద్దు, అవకాడో వద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. పిట్టల నుంచి మనుషుల ఊపిరితిత్తులకి అంటే జబ్బు ఒకటుంది, అరుదే అయినా చిన్నపిల్లలున్న ఇల్లు కదా.

పంజరం వంటింట్లో పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోయి మాడితే వచ్చే ఆవిరి మనకి దగ్గు తెప్పిస్తుంది, పిట్టని నిమిషాల్లో చంపేస్తుంది. మా ఖాతాదారు ఒకావిడ అట్లు పోస్తూ ఫోన్ మోగితే వాకిట్లోకి వెళ్లింది, వచ్చేసరికి రెండు బడ్జీలూ పంజరం అడుగున ఉన్నాయి. ఇనప పెనానికి ఆ బాధ లేదు. దోమల కాయిల్, శుక్రవారం సాంబ్రాణి, ఇవీ పిట్ట ఉన్న గదిలో వద్దు. రోహిణి కార్తెలో మా బెజవాడ ఎండకి తడిగుడ్డ కప్పి, వెడల్పు గిన్నెలో స్నానానికి నీళ్లు పెట్టాలి.

ఫ్యాన్ సంగతి చివరికి దాచుకున్నాను, చెప్పడం కష్టం కాబట్టి.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. దానికో పచ్చ బడ్జీ ఉండేది, గోరింట అని పేరు పెట్టుకుంది. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయింది. ఫ్యాన్ తిరిగితే పంజరం తలుపు తియ్యకూడదని నేనే దానికి నేర్పాను. ఫ్యాన్ తిరగడం లేదు, కాబట్టి తీసింది. గోరింట గదంతా రెండు చుట్లు కొట్టింది. మూడో చుట్టులో కరెంటొచ్చింది.

పిల్ల నేను చెప్పినట్టే చేసింది. తప్పు నేను చెప్పడంలో ఉంది. 'ఫ్యాన్ ఆగితే' కాదు, 'స్విచ్ ఆపితే' అనాల్సింది. అన్నేళ్ల అనుభవమున్న నోటి నుంచి రావాల్సిన ఒక్క మాట రాలేదు. మా అమ్మాయి ఇప్పుడు బీఫార్మసీ చదువుతోంది. ఇంట్లో మళ్లీ రెండు బడ్జీలున్నాయి. వాటిని బయటికి వదిలే ముందు ఫ్యాన్ స్విచ్ ఆపి, దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటిస్తుంది, ఎవరూ పొరపాటున వెయ్యకుండా.

ఇక ట్రే ఎవరు కడుగుతారన్నది. "నేనే కడుగుతా నాన్నా" అని పిల్లలు ఒట్లేస్తారు. నెల తర్వాత కడిగేది తల్లి. అందుకే పిల్లల్ని ఒప్పించాక తల్లి వైపు తిరిగి, "అమ్మా, మీకిష్టమేనా?" అని వేరేగా అడుగుతాను. ఆవిడ ఒక్క క్షణం ఆగిందంటే ఆ రోజు నేను పిట్టనివ్వను. సంక్రాంతికి మా కొట్టు చూస్తే మీకే తెలుస్తుంది. ఊళ్లకి పోయేవాళ్లు వదిలిన పంజరాలతో కాలు పెట్టే చోటుండదు. ట్రే శుభ్రంగా ఉన్న పంజరం ఏ తల్లి ఇష్టపడి పెంచుతున్నదో, వారం నాటి రెట్టలున్నది ఎవరి ఇంటిదో పేరు చూడకుండా చెబుతాను. కనుమ వెళ్లిన నాలుగు రోజులకీ వచ్చి తీసుకుపోనివి ఏటా ఒకటో రెండో మిగులుతాయి. వాటిని నేనే పెంచుకుంటాను. ఇందాక చెప్పిన ముసలి బడ్జీ అలా మిగిలిందే.

కొనాలనుకుంటే మొదటిసారి ఊరికే రండి, పిల్లలతో. నచ్చితే ఆ రోజు పంజరం మాత్రం తీసుకెళ్లండి. అది ఏ గదిలో ఎక్కడ పెడతారో వారం రోజులు చూసుకుని వస్తే అప్పుడు పిట్టలిస్తాను. పంజరంతో పాటు ఒక తెల్ల ప్లాస్టర్ చుట్ట కూడా ఇస్తాను. దానికి డబ్బు తీసుకోను.