నల్లతెరపై ఆజ్ఞార్థకము

తెలుగు బోధించే మాకు నెట్‌వర్కు స్విచ్‌తో ఏమి ప్రమేయమని సహోపాధ్యాయులు నవ్వుతున్నారు. నవ్వనీయండి. కళాశాల కంప్యూటరు గదిలో కొత్త స్విచ్‌ను సిద్ధపరచిన మూడు సాయంత్రాలు మేము అక్కడే కూర్చున్నాము. మాకు అది వ్యాకరణ తరగతి వలెనే తోచింది.

తుళ్లూరు ప్రాంతపు పత్తి, మిరప చేల మీదుగా, కరెంటు స్తంభాలను ఆసరా చేసుకొని ఫైబరు తీగ ఊళ్లలోకి వచ్చి కొన్నేళ్లయినది. ఈ మండలంలోని వెలగపూడిలోనే 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ఫైబరు గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. తీగ గుమ్మం దాకా వచ్చిన తరువాత, లోపల ఏ సమాచారం ఏ కంప్యూటరుకు చేరాలో చూసుకొనేది స్విచ్. ఏ ఉత్తరం ఏ గడప నుంచి బయలుదేరిందో గమనించి, ఆ చిరునామాను తన పట్టికలో వ్రాసుకొనే తపాలా బంట్రోతు వంటిది. అంతవరకు తానే నేర్చుకుంటుంది. కార్యాలయపు కంప్యూటర్లను విద్యార్థుల కంప్యూటర్ల నుంచి వేరుపరచాలంటే మాత్రం మనిషి నోరు విప్పి చెప్పాలి.

చెప్పే తీరు విచిత్రమైనది. బొమ్మలు లేవు, మౌసు లేదు. కన్సోలు తీగ తగిలిస్తే నల్లని తెరపై ఒక పేరు, ఒక గుర్తు. 'ఎనేబుల్' అంటే వసారా దాటి హాలులోకి, 'కన్ఫిగర్ టెర్మినల్' అంటే లోపలి గదిలోకి పోతాము. గది మారినప్పుడల్లా గుర్తు మారుతుంది.

పని చేయించడానికి వచ్చిన మా పూర్వ విద్యార్థి తాను కీబోర్డును తాకలేదు. పదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివిన బి.ఏ. విద్యార్థిని నొకతెను కూర్చోబెట్టాడు. "నాకు ఇంగ్లీషు రాదన్నా" అన్నదా పిల్ల. "దీనికీ రాదమ్మా, నాలుగు డజన్ల మాటలు వస్తే గొప్ప" అన్నాడతడు.

నిజమే. ప్రశ్నార్థకం కొడితే తరువాత రాదగిన మాటలన్నీ యంత్రమే చూపుతుంది. మరొక మాటతో పొరపడే అవకాశం లేకుంటే సగం మాట వ్రాసినా చాలు. తప్పు పడితే విసుగుకోదు. ఎక్కడ తప్పిందో సరిగా ఆ అక్షరం కింద చిన్న గోపురం గుర్తు పెడుతుంది. ఏళ్ల తరబడి ఎర్రసిరాతో పుట మొత్తం కొట్టివేసే మా వంటి వారు చూడవలసిన గుర్తు అది!

ఇక వ్యతిరేకార్థం. పోర్టును మూయడానికి 'షట్‌డౌన్'. తెరవడానికి 'నో షట్‌డౌన్'. 'తెరువుము' అనే మాటే లేదు, 'మూయకుము' అనడమే. ఏ ఆజ్ఞను రద్దు చేయాలన్నా దాని ముందు 'నో' చేర్చడమే పద్ధతి. తెలుగులో నిషేధం ధాతువు వెనుక చేరుతుంది. "మా మత్ లాగా ముందే వస్తోంది సార్, మత్ జావో అన్నట్టు" అన్నది ఆ అమ్మాయి. ఆ తరువాత ఆమె వేళ్లు తడబడలేదు. ఎనిమిది పోర్టులు కార్యాలయానికి, పదహారు విద్యార్థులకు పంచింది.

అంతా అయిన పిదప ఆ పూర్వ విద్యార్థి కావాలనే ప్లగ్గు పీకాడు. మళ్లీ వెలిగేసరికి స్విచ్‌కు పెట్టిన పేరు పోయింది, ఏ పోర్టు ఎవరిదో చెప్పిన మాటలూ పోయాయి. నడుస్తున్న అమరిక వేరు, భద్రపరచిన అమరిక వేరు. మొదటిదాన్ని రెండవదానిలోకి నకలు చేస్తేనే నిలుస్తుంది. నోటిమాటకూ రిజిస్టరు కాగితానికీ గల భేదం, 2015 భూసమీకరణ చూసిన తుళ్లూరు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె అంతా తిరిగి వ్రాసి, ఈసారి భద్రపరచింది.

ఆ గది తాళం నేటికీ కంప్యూటరు శాఖ విద్యార్థులకే ఇస్తున్నారు. బి.ఏ. వారు, అందునా ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చినవారు, వరండాలో నిలబడి చూడవలసినదే. వారానికి రెండు సాయంత్రాలు వారికీ ఆ తాళం ఇప్పించవలెనని కమిటీ వారిని కోరుతున్నాము. పర్యవేక్షణకు మేము కూర్చుంటాము.