బూజే కదా అనుకుంటే...

ఖాజాగూడలో ఏ మందుల దుకాణం ముందైనా ఓ పది నిమిషాలు నిలబడండి. పిల్లాడికి గొంతునొప్పి అని ఒకరు, మూత్రంలో మంట అని మరొకరు... చీటీలు వస్తూనే ఉంటాయి. వాటిలో తరచూ కనిపించే పేరు సెఫిక్సిమ్. ఓ పక్క రాతిగుట్టలు, మరోపక్క అద్దాల మేడలు ఉన్న ఆ చోటికి సముద్రం ఎక్కడో వందల కిలోమీటర్ల దూరం. కానీ ఆ మాత్ర వంశవృక్షం వెతుక్కుంటూ వెళ్తే తేలేది సముద్రం ఒడ్డునే. అదీ ఓ బూజు దగ్గర!

మురుగులో మాణిక్యం

అది 1945. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కాగ్లియారి అనే రేవు పట్టణం. ఊళ్లోని మురుగంతా సముద్రంలో కలిసేది. అయినా కొంత దూరం వెళ్లేసరికి నీళ్లు వాటంతటవే శుభ్రపడుతున్నాయి. ఎందుకలా? అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జుసెప్పే బ్రోట్జుకు ఈ అనుమానం వచ్చింది. మురుగు కలిసే చోట నీళ్లు తెచ్చి పరీక్షించాడు. అందులో దొరికిన ఓ బూజు టైఫాయిడ్ క్రిముల్ని ఎదగనివ్వడం లేదు!

సొంత దేశంలో ఆయన్ను పట్టించుకున్నవాళ్లు లేరు. దాంతో ఆ బూజును ఆక్స్‌ఫర్డ్‌కు పంపాడు. అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ దాన్నుంచి 1953లో సెఫలోస్పోరిన్-సి అనే పదార్థాన్ని వేరుచేశారు. దాన్ని మార్చి తయారుచేసిన తొలి మందు 1964లో బజారుకొచ్చింది. సెఫిక్సిమ్, ఆసుపత్రుల్లో ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్... అన్నీ ఆ కుటుంబానివే. ఖాజాగూడ పక్కనే రాయదుర్గంలో కార్యాలయం ఉన్న అరబిందో ఫార్మా తయారుచేసే మందుల్లోనూ ఈ కుటుంబానివి ఉన్నాయి.

మురుగుకీ బూజుకీ మన తెలుగువారితోనూ ఓ చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గౌరవార్థం 1953లో ఓ శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. అది కనిపించేది మురుగునీటిని శుద్ధిచేసే వడపోత పొరల్లోనే!

పారిపోలేదు కాబట్టి...

బూజుకు ఈ శక్తి ఎలా వచ్చింది? దానికి పారిపోవడానికి కాళ్లు లేవు, పోట్లాడటానికి చేతులు లేవు. తన తిండిని పక్కనున్న బ్యాక్టీరియా లాక్కోకుండా కాపాడుకోవాలంటే ఉన్న ఆయుధం రసాయనమే. సముద్రంలో దానికి ఉప్పు, ప్రాణవాయువు కొరత లాంటి కష్టాలు అదనం. అలాంటి చోట బతికే శిలీంధ్రాలు నేలమీది బంధువుల దగ్గర లేని రసాయనాలు తయారుచేస్తాయేమోనన్నది శాస్త్రవేత్తల ఆశ.

వాటికి ఇష్టమైన ఇళ్లలో మడ అడవులు ఒకటి. ఆటుపోట్లకు తడుస్తూ కుళ్లే కర్ర వాటికి విందుభోజనం. గోదావరి, కృష్ణా డెల్టాల మడచెట్లపై పెరిగే శిలీంధ్రాల గురించి వి.వెంకటేశ్వర శర్మ, బి.పి.ఆర్.విఠల్ 2000, 2001 సంవత్సరాల్లోనే పరిశోధన పత్రాలు వెలువరించారు. కాకినాడ దగ్గరి కోరంగి అభయారణ్యమే 235 చదరపు కిలోమీటర్లు. అదే కాకినాడ జిల్లాలో అరబిందో అనుబంధ సంస్థ 2024లో పెన్సిలిన్-జి తయారీ మొదలుపెట్టింది. పెన్సిలిన్ కూడా బూజు బిడ్డే!

తొందర ఎందుకంటే...

ఉన్న మందులు మొరాయిస్తున్నాయి మరి. యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని ఓ అంచనా. చీటీ లేకుండా కొనడం, జలుబుకూ జ్వరానికీ వాటినే వేసుకోవడం, నయమైనట్టుందని మధ్యలో సొంతంగా ఆపేయడం... ఆ క్రిములకు మనమే చేసే సాయం.

కొత్త మందు చటుక్కున రాదు. బూజును వేరుచేయాలి, పెంచాలి, దాని రసాయనాన్ని శుద్ధి చేయాలి, జంతువులపైనా మనుషులపైనా పరీక్షించాలి. ప్లినాబులిన్ కథే చూడండి. సముద్రపు నాచులో దొరికిన ఓ శిలీంధ్రం రసాయనం ఆధారంగా చేసిన మందు అది. కీమోథెరపీ తీసుకునేవాళ్లలో తెల్లరక్తకణాలు పడిపోకుండా కాపాడుతుందని ఆశపెట్టింది. చివరిదాకా వచ్చాక 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మరో పరీక్ష కావాలంటూ అనుమతి నిరాకరించింది.

కాబట్టి రేపటి మందు దొరికేదాకా ఇవాళ్టి మందును పాడుచేసుకోకూడదు. దాన్ని వెతకాల్సిన చోటునీ పోగొట్టుకోకూడదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. మన పెరటి మడచెట్టు విషయంలో ఆ మాట నిజమో కాదో తేలాలంటే, ముందు ఆ చెట్టు ఉండాలి కదా!